ఆ గది తాళం ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, మావారికి 52. ఉప్పల్‌లో సొంతిల్లు. ఒక్కడే కొడుకు, డాలస్‌లో ఉద్యోగం. వాడు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ఫాస్టర్ కేర్ కింద, అంటే దత్తత కాకుండా ఇంట్లో ఉంచుకుని పెంచే పద్ధతిలో, ఓ ఎనిమిదేళ్ల పాపని తెచ్చుకుని పెంచాలని నాకుంది. మావారు ‘నీ ఇష్టం’ అన్నారు. అత్తగారు గోత్రం తెలియని పిల్ల ఎందుకంటున్నారు. మా అబ్బాయికి అస్సలు ఇష్టం లేదు, అప్పటినుంచి ఫోన్లు కూడా తగ్గించాడు. వాడి గది ఇంకా అలాగే ఉంచాను. ఇంత చేస్తే రేపు మాకేం మిగులుతుంది? ఆ పాప మమ్మల్ని గుర్తుపెట్టుకుంటుందా?

జవాబు: అమ్మా, మిగిలేది డబ్బు లెక్కలో అడిగితే సులువు. పిల్లల సంరక్షణకి కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద ఫాస్టర్ కేర్‌కి నెలకి 4,000 రూపాయలిస్తారు, అదీ బిడ్డ ఖర్చులకి. గుర్తుపెట్టుకుంటుందా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. కన్నకొడుకు విషయంలోనే మీకు ఆ భరోసా లేదని ఉత్తరం చెబుతోంది కదా!

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాప గురించి అందులో ఉన్నది వయసొక్కటే. మిగతాదంతా మీ అబ్బాయే. వాడు వెళ్లాడు, వాడికిష్టం లేదు, వాడి ఫోన్లు, వాడి గది. ఫాస్టర్ కేర్ గురించి అడిగారనుకుంటున్నారు గానీ, మీరడిగింది వాడి గురించి.

కడుపున పుట్టినవాడికి చెప్పి చేయడం మర్యాదే. కానీ మీ ఇంట్లో ఎవరికి అన్నం పెట్టాలో డాలస్ నుంచి అనుమతి రావాలా? ఇది నాకు నచ్చలేదు, ఉన్నమాట రాస్తున్నాను. అలాగని వాడిమీద అలిగి, ‘నువ్వు కాకపోతే ఇంకొకరు’ అని చూపించడానికి పాపని తెచ్చే ఉద్దేశం ఏ మూలైనా ఉంటే మాత్రం ఆ దరఖాస్తు నింపకండి. అప్పటికే ఓ చోటు పోగొట్టుకుని వచ్చే పిల్ల అది. తను ఎవరి బదులు వచ్చిందో వారంలో పసిగట్టేస్తుంది.

అత్తగారి సంగతి వదిలేయండి. గోత్రం పూజలో చెప్పుకోడానికి కావాలి, జడ వేయడానికి అక్కర్లేదు. రేపు పూలు కొనిపెట్టేది ఆవిడే అవుతుంది చూడండి. మీవారి ‘నీ ఇష్టం’ మాత్రం చెల్లదు. దరఖాస్తు చేశాక ఇంటి పరిశీలనకి వచ్చినవాళ్లు ఇద్దరితోనూ మాట్లాడతారు. ఆయన తన నోటితో ‘నాకూ కావాలి’ అనాలి.

చట్టం సంగతి మీవారికీ అబ్బాయికీ కలిపి చెప్పండి. ఇది 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద జరిగేది. మనంతట మనం తెచ్చుకునేది కాదు, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఉండాలి. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లల్నే ఇలా ఇస్తారు. రెండేళ్లు మీ దగ్గర పెరిగాక, మీకు మనసుంటే దత్తతకి అడగొచ్చు. దత్తత జరిగేదాకా ఆస్తిలో వారసత్వ హక్కు రాదు. మీవాడికి లోపల ఆ టెన్షనే ఉంటే దీంతో తీరిపోతుంది. నాకు మాత్రం వాడి బెంగ ఆస్తి కాదనిపిస్తోంది. వచ్చే సంక్రాంతికి వస్తే ఎక్కడ పడుకోవాలా అని కావచ్చు. వాడూ మీ పిల్లాడే.

ఇంకొకటి. కొందరు పిల్లలకి సొంతవాళ్లుంటారు, వాళ్ల పరిస్థితి చక్కబడితే వెనక్కి పంపాల్సి రావచ్చు. ఆ రోజు సంచీ సర్దిపెట్టి, నవ్వుతూ పంపాల్సింది మీరే. అది మీవల్ల కాదనిపిస్తే ఇప్పుడే ఆగిపోండి, తప్పేం లేదు.

నాకు తెలిసిన ఓ ఇంట్లో ఇలాగే ఓ అమ్మాయి వచ్చింది. తొమ్మిదేళ్లది. నాలుగు నెలలపాటు మంచినీళ్లు తాగాలన్నా ‘తాగొచ్చా ఆంటీ’ అని అడిగేది. ఫ్రిజ్ తలుపు ముట్టుకునేది కాదు. ఏం పెట్టినా కిక్కురుమనకుండా తినేసి, కంచం తనే కడిగేసేది. వచ్చినవాళ్లంతా ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకుంటుంటే ఆ ఇల్లాలికి కడుపులో దేవినట్టుండేదట. బుద్ధి కాదది, భయం. ఓ రోజు కంచం ముందు కూర్చుని మూతి ముడిచింది. ‘ఇవాళ కూడా బీరకాయేనా?’ అంది. ఆవిడ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని, ఆమ్లెట్ వేసుకొచ్చింది. ‘నాకు పద్మశ్రీ వచ్చినట్టుంది’ అని నాకు ఫోన్‌లో చెప్పింది. ఏం మిగులుతుందని అడిగారుగా, నేను చూసినంతలో మిగిలేది ఇదీ.

ఈ ఆదివారం మీవాడి ఫోన్ కోసం ఎదురుచూడకండి, మీరే చేయండి. ‘చేయమంటావా’ అనకండి, ‘చేస్తున్నాం’ అనండి. ఆ గదిలో సామాను ఏది దాచాలో, ఏది ఇచ్చేయాలో వీడియో కాల్‌లో వాడినే చెప్పమనండి. పాత క్రికెట్ బ్యాటో, ఇంటర్ పుస్తకాలో ఉంటాయి కదా. బీరువాలో రెండు అరలు మాత్రం వాడికే ఉంచండి.