'అరాజకం'లో గందరగోళం ఉందా?

సందేహం: ఎం.ఏ.లో అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు తెలుగులో చదువుకుంటున్నాను. ఒక పుస్తకంలో 'అంతర్జాతీయ వ్యవస్థ అరాజకమైనది' అనీ, ఇంకోదాంట్లో 'అరాచకమైనది' అనీ ఉంది. రెండూ ఒకటేనా? ఒప్పందాలు, రాయబారాలు, వ్యాపారం అన్నీ నడుస్తూనే ఉంటే దాన్ని అరాచకం అనడమేమిటి? అలాగే 'నిర్మాణాత్మక వాస్తవికవాదాన్ని నిర్మాణవాదులు ఖండించారు' అన్న వాక్యం ఎన్నిసార్లు చదివినా కొరుకుడు పడటం లేదు.

సమాధానం: కొరుకుడు పడకపోవడం మీ తప్పు కాదు, ఆ వాక్యమే అలా ఉంది. దాని సంగతి తరవాత చూద్దాం. ముందు అరాజకం.

'అరాజకం' నఞ్ బహువ్రీహి. రాజు లేనిది ఏదో అది అరాజకం. మాటలో ఉన్నది అంతవరకే. కొట్లాట లేదు, దోపిడీ లేదు. ఇంగ్లీషు 'అనార్కీ'కి మూలమైన గ్రీకు మాట కూడా ఇలాగే పుట్టింది: 'అన్' అంటే లేని, 'ఆర్ఖోస్' అంటే పాలకుడు. (మన 'అనంతం'లో ఉన్న 'అన్' కూడా ఈ పనే చేస్తుంది.) రెండు భాషల్లో ఒకే పోత పోసినట్టు మాటలు దొరకడం అనువాదకుడికి అరుదైన అదృష్టం. 'అరాచకం' అని రాసి దాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాం.

మరి గందరగోళం అన్న అర్థం ఎలా వచ్చింది? రాజు లేకపోతే ఏమైపోతామోనన్న భయం నుంచి. రామాయణం అయోధ్యాకాండ 67వ సర్గలో, దశరథుడు పోయాక, రాజు లేని దేశంలో ఏమేం జరగవో 'నారాజకే జనపదే' అంటూ శ్లోకం వెంట శ్లోకం చెబుతారు. అలాంటి దేశంలో జనం చేపల్లా ఒకరినొకరు తింటారన్న మాట కూడా అక్కడే ఉంది. జాగ్రత్తగా చూస్తే ఆ శ్లోకాల్లో అరాజకం కారణం, చేపల తిండి ఫలితం. వాడుక ఈ రెంటినీ కలిపేసింది. 'రౌడీల అరాచకం' అని పత్రికలు రాసినప్పుడు పాలకుడు ఉన్నాడా లేడా అని ఎవరూ చూడరు. ప్రభుత్వం నిక్షేపంగా ఉన్న ఊళ్లోనే ఆ అరాచకం జరుగుతుంది. అంటే జకారం చకారమైన ఈ రూపం ఇప్పుడు ఫలితానికి పేరుగా స్థిరపడిపోయింది.

మీ పాఠానికి కావలసింది కారణం పేరు. అంతర్జాతీయ సంబంధాల పండితుడు కెనెత్ వాల్ట్జ్ 1979లో చెప్పిన సిద్ధాంతంలో (మీ వాక్యంలోని 'నిర్మాణాత్మక వాస్తవికవాదం' ఇదే) అరాజకత అంటే రాజ్యాలపైన వాటిని శాసించే పాలకుడు లేకపోవడం, అంతే. ఐక్యరాజ్యసమితి ఉంది కదా అంటారేమో. అది రాజ్యాలు చేరిన సంస్థ, వాటిపైన కూర్చున్న ప్రభుత్వం కాదు. ఇక్కడ అరాజకతకు ఎదురుమాట శాంతి కాదు, క్రమశిక్షణా కాదు, సోపానక్రమం: పైవాడు ఆజ్ఞాపిస్తే కిందివాడు నెరవేర్చే పద్ధతి. 1977లో అదే రంగంలోని మరో పండితుడు హెడ్లీ బుల్ తన పుస్తకానికి 'అరాజక సమాజం' అని పేరు పెట్టగలిగాడంటే కారణం ఇదే. పాలకుడు లేకపోయినా నియమాలు, రాయబారం, అంతర్జాతీయ న్యాయం ఉన్న సమాజం అది. మీరడిగిన ఒప్పందాలూ వ్యాపారమూ అందులోనే ఇముడుతాయి. దాన్నే 'అరాచక సమాజం' అని రాసి చూడండి, పోలీసుల్ని పిలవాలనిపిస్తుంది.

జవాబుపత్రంలో నామవాచకంగా 'అరాజకత', విశేషణంగా 'అరాజక' వాడండి. మొదటిసారి వాడిన చోట 'రాజ్యాలపై మరో పాలకుడు లేని స్థితి' అని ఒక్క ముక్క చేర్చండి. తప్పు దొర్లేది సాధారణంగా క్రియ దగ్గర. 'యుద్ధంతో వ్యవస్థ అరాజకంగా మారింది' అని రాస్తారు. వాల్ట్జ్ లెక్కలో అది యుద్ధానికి ముందూ అరాజకమే, సంధి కుదిరాకా అరాజకమే. 'అరాజకత పెరిగింది' అన్నదీ ఇలాంటిదే. పాలకుడు ఉంటే ఉంటాడు, లేకపోతే లేడు, నూటికి ఇరవై పాళ్లు లేకపోవడం అంటూ ఉండదు. పెరిగేవీ తగ్గేవీ అభద్రత, ఉద్రిక్తత, హింస. ఆ మాటలే వాడండి.

ఇది ఒప్పుకున్నాక 'అధికార సమతుల్యత' (బ్యాలెన్స్ ఆఫ్ పవర్) కూడా పంటి కింద రాయిలా తగులుతుంది. తెలుగులో అధికారం అంటే హక్కుతో వచ్చిన పెత్తనం: 'ఆ ఫైలు మీద సంతకం చేసే అధికారం'. రాజ్యాల మధ్య లేనిదే అది. లేనిదానికి సమతుల్యత ఏమిటి? అక్కడ తూగేది బలం, అంటే సైన్యం, సంపద, జనాభా వగైరా. కాబట్టి 'బలసమతౌల్యం' సరైన మాట. పాత మాట పాఠ్యపుస్తకాల్లో వేళ్లూనుకుంది కనుక చదివేటప్పుడు పోల్చుకోండి, రాసేటప్పుడు మానేయండి.

ఇక ఆ వాక్యం. అందులో మొదటి 'నిర్మాణం' స్ట్రక్చర్, రెండోది కన్‌స్ట్రక్షన్. వాల్ట్జ్ మాట్లాడేది భాగాల అమరిక గురించి: పైన పాలకుడు ఉన్నాడా, భాగాలు ఏ పనులు చేస్తాయి, బలం ఎవరి దగ్గర ఎంత ఉంది. 1992లో నిర్మాణవాది అలెగ్జాండర్ వెంట్ అడ్డు తగిలింది ఇక్కడే. అరాజకత దానంతటది ఏ ఫలితమూ ఇవ్వదు, రాజ్యాలు దాన్ని ఎలా చేసుకుంటే అలా ఉంటుంది అన్నాడాయన. ఎదుటి రాజ్యాన్ని శత్రువనుకోవడం, పోటీదారనుకోవడం, మిత్రుడనుకోవడం పరస్పర వ్యవహారంలో తయారయ్యేవే. తయారుకావడం, చేసుకోవడం... అంతా క్రియ. 'నిర్మాణం' అసలు అర్థమూ అదే, నిర్మించడం అనే పని. 'ఇంటి నిర్మాణం మొదలైంది' అన్నప్పుడు ఇల్లు ఇంకా లేదు కదా. కట్టి నిలబెట్టినదానికి ఆ పేరు తరవాతి సంగతి.

అందుకని 'నిర్మాణం' వెంట్ పక్షానికి వదిలేసి, వాల్ట్జ్‌కు 'సంరచన' ఇస్తే తగువు తీరుతుంది: 'సంరచనాత్మక వాస్తవికవాదాన్ని సామాజిక నిర్మాణవాదులు ఖండించారు.' నాకు 'అమరిక' ఇంకా ఇష్టం గానీ, 'అమరికా వాస్తవికవాదం' అని రాస్తే సగం మంది అమెరికాది అనుకుంటారు. 'సామాజిక' ఎందుకు తగిలించానంటే, సాహిత్య విమర్శకులు స్ట్రక్చరలిజాన్నే 'నిర్మాణవాదం' అనడం అలవాటు చేశారు. పైగా 'నిర్మాణాత్మక విమర్శ' అంటే మేలుకోరి చేసే విమర్శ అని మరో అర్థం కాచుక్కూర్చుంది.

మీరు అడగకపోయినా మరో రెండు. 'రియలిజంవాదులు' అని రాయకండి, 'ఇజం'లోనే వాదం ఉంది. 'రియలిస్టులు' అనండి, లేదా 'వాస్తవికవాదులు' అనండి. రెండోది, 'ఉదారవాదం' (లిబరలిజం) ప్రకారం రాజ్యాలు ఉదారంగా సహకరించుకుంటాయని రాసేవారున్నారు. ఆ ఉదారానికీ దానగుణానికీ పొత్తు లేదు. ఆ పక్షం పండితుడు రాబర్ట్ కొహేన్ 1984లో వివరించిన సహకారం కూడా ఎవరి లాభం వాళ్లు లెక్క చూసుకుని చేసేదే.