పాఠకుల ప్రశ్నలు: అంగారకుడి మీద జీవం దొరికినట్టేనా?

ప్రశ్న: అంగారక గ్రహం మీద ఒకప్పుడు జీవం ఉండేదనడానికి ఆనవాళ్లు దొరికాయని వార్తల్లో చదివాం. నాసా మాత్రం ఇంకా పరీక్షించాలి అంటోంది. ఇంతకీ దొరికినట్టా, లేనట్టా?

జవాబు: దొరికింది జీవం కాదు, జీవం వల్ల ఏర్పడి ఉండడానికి అవకాశమున్న కొన్ని మచ్చలు. నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ (చక్రాల మీద తిరిగే పరిశోధక యంత్రం) 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీది జెజెరో బిలంలో, అంటే ఒక పెద్ద గుంతలో, దిగింది. సుమారు 350 కోట్ల సంవత్సరాల కిందట ఆ బిలం ఒక సరస్సు. అందులోకి నీటిని తెచ్చిన నెరెట్వా వాలిస్ అనే పాత నదీలోయలో, 2024 జులైలో, రోవర్‌కు సుమారు మీటరు పొడవున్న ఎర్రటి బురదరాయి ఒకటి కనిపించింది. శాస్త్రజ్ఞులు దానికి చెయావా ఫాల్స్ అని పేరు పెట్టారు. దాని నిండా మిల్లీమీటర్లలో కొలవదగిన చిన్న చిన్న మచ్చలున్నాయి. ఒక్కో మచ్చ నడిమి భాగం వెలిసినట్టుగా, చుట్టూ అంచు నల్లగా ఉండడం వల్ల వాటిని చిరుత మచ్చలు అంటున్నారు.

ఆ మచ్చల్లో వివియనైట్ అనే ఇనుప ఫాస్ఫేటు, గ్రైగైట్ అనే ఇనుప సల్ఫైడు ఉన్నట్టు కనిపిస్తోందని 2025 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన పత్రం చెబుతోంది. అదే రాతిలో సేంద్రియ కర్బనం జాడ కూడా ఉంది. ఈ మూడూ ఒకేచోట ఉండడమే విశేషం. ఎందుకంటే, మన భూమి మీద ఆక్సిజన్ అందని బురదలో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని ఆహారంగా తీసుకుని, ఆ క్రమంలో విడుదలైన ఎలక్ట్రాన్లను చుట్టూ ఉన్న ఇనుముకూ గంధకానికీ అందించినప్పుడు సరిగ్గా ఇలాంటి ఖనిజాలే మిగులుతాయి. అయితే జీవం ప్రమేయం లేకుండా కూడా ఇవి ఏర్పడవచ్చు. అందుకు సాధారణంగా అధిక ఉష్ణోగ్రత గానీ ఆమ్ల వాతావరణం గానీ కావాలి. ఈ రాయి అంతగా వేడెక్కిన దాఖలాలు కనిపించలేదు. అయినా తక్కువ వేడిలోనే నెమ్మదిగా జరిగే రసాయన చర్య ఏదైనా ఉందేమోనన్న సందేహాన్ని కొట్టిపారేయలేం కనుక, పరిశోధకులు ‘జీవానికి సంకేతం కావడానికి అవకాశమున్నది’ అన్న మాట దగ్గరే ఆగారు.

వారు ఆగడం సబబేనని నా అభిప్రాయం. 1976లో అంగారకుడి మీద దిగిన నాసా వైకింగ్ నౌకలు జరిపిన ఒక ప్రయోగం జీవం ఉందన్నట్టు ఫలితమిస్తే, మరో పరికరానికి ఆ మట్టిలో సేంద్రియ పదార్థం ఉన్నట్టే తేలలేదు. 1984లో అంటార్కిటికాలో దొరికిన అంగారక ఉల్కలో జీవపు ఆనవాళ్లున్నాయని 1996లో ఎంతో ఆర్భాటంగా ప్రకటించారు. అందులో చూపిన ఒక్కో ఆధారానికీ జీవంతో పనిలేని వివరణ తర్వాత దొరుకుతూ వచ్చింది.

ప్రశ్న: రోవర్ మీదే అన్ని పరికరాలు ఉన్నప్పుడు, ఆ రాయిని భూమికి తేవాలని పట్టుబట్టడం దేనికి?

జవాబు: రోవర్ చేతికి అమర్చిన పరికరాలు బరువు, విద్యుత్తు వాడకం, పరిమాణం అన్నీ ముందే లెక్కగట్టి తయారుచేసినవి కనుక వాటితో చేయగల పరీక్షలు పరిమితమే. భూమి మీద అయితే అదే రాయిని పలుచని పొరలుగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టవచ్చు, కర్బనం, గంధకాల ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తిని కొలవవచ్చు. జీవులు సాధారణంగా తేలికైన ఐసోటోపును ఎక్కువగా వాడుకుంటాయి కాబట్టి ఆ నిష్పత్తి ముఖ్యమైన ఆధారం అవుతుంది. పైగా ఒక బృందం చెప్పినదాన్ని మరో బృందం వేరే పద్ధతిలో సరిచూడగలుగుతుంది.

తెచ్చినంత మాత్రాన చిక్కు తీరిపోదు. జపాన్ వారి హయబుసా-2 నౌక ర్యుగు గ్రహశకలం నుంచి 2020 డిసెంబరులో 5.4 గ్రాముల పదార్థాన్ని తెచ్చింది. అందులో బ్రిటన్‌కు చేరిన ఒక రేణువును అక్కడ సిద్ధంచేసి మైక్రోస్కోపు కింద చూస్తే, దాని పైభాగం మీద సన్నని పోగుల్లాంటి సూక్ష్మజీవులు కనిపించాయి! రోజులు గడిచేకొద్దీ వాటి సంఖ్య పెరిగి, తర్వాత తగ్గింది. మన సూక్ష్మజీవులు కొత్త ఆహారం దొరికినప్పుడు ప్రవర్తించే తీరు అదే కనుక, అవి ఇక్కడ అంటుకున్నవేనని 2024లో తేల్చారు. ఎంతో జాగ్రత్త తీసుకున్నా ఇలా జరిగిందంటే, అంగారకుడి రాయి విషయంలో ఎంత పట్టింపు అవసరమో ఊహించవచ్చు.

చెయావా ఫాల్స్ నుంచి తొలిచి తీసిన నమూనాకు సఫైర్ కాన్యన్ అని పేరు. అది సీలువేసిన గొట్టంలో రోవర్ దగ్గరే ఉంది. దాన్ని తెచ్చే పథకానికి దాదాపు 1,100 కోట్ల డాలర్లు అవుతుందనీ, 2040 వరకూ నమూనాలు చేరవనీ లెక్క తేలడంతో, అది తమకు ఆమోదయోగ్యం కాదని 2024 ఏప్రిల్‌లో నాసాయే ప్రకటించింది. చైనా మాత్రం 2028 ప్రాంతంలో తియాన్వెన్-3 నౌకను పంపి వేరే చోటి నుంచి అంగారకుడి మట్టిని తెచ్చే ప్రయత్నంలో ఉంది.

ప్రశ్న: బెన్ను గ్రహశకలంలో అమైనో ఆమ్లాలు ఉన్నాయన్నారు. అక్కడ జీవం ఉండేదని దాని అర్థమా?

జవాబు: కాదు. నాసా నౌక ఒసిరిస్-రెక్స్ బెన్ను నుంచి తెచ్చి 2023 సెప్టెంబరు 24న అమెరికాలోని యూటా ఎడారిలో దింపిన 121.6 గ్రాముల పదార్థంలో, మన ప్రోటీన్లలో వాడే 20 అమైనో ఆమ్లాలలో 14 కనిపించాయి. జన్యు సమాచారాన్ని మోసే డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలో అక్షరాల్లా పనిచేసే ఐదు క్షారాలూ (బేస్‌లు) ఉన్నాయి. అమైనో ఆమ్లాలకు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంగా ఉండే రెండు రూపాలుంటాయి. భూమి మీది జీవులు తమ ప్రోటీన్లలో దాదాపుగా ఎడమ రూపాన్నే వాడతాయి. బెన్నులో రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. అవి జీవం చేసినవి కావని, భూమి నుంచి అంటుకున్నవీ కావని చెప్పడానికి ఇది గట్టి ఆధారం. జీవానికి కావలసిన సరుకు జీవం లేకుండానే తయారవుతుందని మాత్రం బెన్ను చూపింది.

ప్రశ్న: గురుగ్రహపు చందమామ యూరోపా నుంచి వార్తలు ఎప్పుడు?

జవాబు: 2024 అక్టోబరులో బయలుదేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్‌లో గురుగ్రహాన్ని చేరుతుంది. అక్కడి రేడియేషన్ తీవ్రత కారణంగా యూరోపా చుట్టూ తిరగకుండా, గురుగ్రహం చుట్టూ తిరుగుతూ 49 సార్లు యూరోపా పక్కగా వెళ్తుంది. అది జీవాన్ని వెతకదు. మంచు పొర కింద ఉన్న సముద్రం జీవానికి అనువుగా ఉందా అన్నది చూస్తుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ వారి జ్యూస్ నౌక 2031లో గురుగ్రహాన్ని చేరుతుంది గానీ, దాని అసలు గమ్యం గురుగ్రహపు మరో చందమామ గ్యానిమీడ్. యూరోపా పక్కగా వెళ్లేది రెండుసార్లే.