పోర్టుకి వచ్చే కంటైనర్లన్నీ తెరిచి చూస్తారా?

మీరు అడిగింది ఇది: "మా ఇల్లు విశాఖలో పోర్టుకి వెళ్ళే దారిలోనే. పొద్దున లేస్తే కంటైనర్ లారీలే. వాటిలో ఏముందో ఎవరైనా తెరిచి చూస్తారా? చూడకపోతే ఎవడు ఏం తెచ్చినా దిగిపోతుందిగా?"

తెరవరండీ. అన్నీ తెరవడం కుదిరే పని కాదు. కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను, మొదట చెన్నైలో, ఇప్పుడు విశాఖలో. మేం అధికారులం కాదు. సరుకు తెప్పించుకునేవాళ్ళ తరఫున కాగితాలు పెట్టి పెట్టె విడిపించేవాళ్ళం. కాబట్టి నేను చెప్పేది కౌంటర్‌కి ఇవతల నుంచి కనబడినంత మేరకే.

నలభై అడుగుల కంటైనర్ ఒకటి పూర్తిగా దింపి చూడాలంటే సీల్ కోయాలి, హమాలీలు అట్టపెట్టెలన్నీ దించాలి, అధికారి లెక్క చూడాలి, మళ్ళీ ఎక్కించాలి. సాఫీగా సాగినా ఒక పూట పోతుంది. పెద్ద ఓడల్లో, ఇరవై అడుగుల పెట్టెల లెక్కన, ఇరవై వేలకు పైగా పట్టేవి ఉన్నాయి. ప్రతి పెట్టెనూ తమ దేశానికి వచ్చే ఓడ ఎక్కకముందే స్కాన్ చేయాలని అమెరికా 2007లో ఏకంగా చట్టమే చేసింది. 2012 గడువు పెట్టుకుంది. గడువు పొడిగిస్తూ వచ్చారు తప్ప అది అమలు కాలేదు.

మరి ఎలా ఎంచుతారంటే, పెట్టెను చూసి కాదు, కాగితాన్ని చూసి. మన దేశంలో 2005 చివర్లో ఆర్‌ఎంఎస్ వచ్చింది, అంటే రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. మేం బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే ఏ సరుకు వచ్చింది, ధర ఎంత అని కస్టమ్స్‌కి ఇచ్చే కాగితం, వేయగానే కంప్యూటరే తేలుస్తుంది: దీన్ని నేరుగా వదిలేయాలా, పన్ను లెక్క ఒకసారి చూడాలా, సరుకు కూడా తెరవాలా అని. తెప్పించుకున్నవాడి పాత చరిత్ర, సరుకు ఏమిటి, ఏ దేశంలో తయారైంది, ఏ దారిన వచ్చింది, చూపించిన ధర మామూలు ధరకు ఎంత దూరంలో ఉంది, ఇలాంటివన్నీ అందులోకి వెళ్తాయి. దేనికి ఎన్ని మార్కులో మాకు చెప్పరు, చెప్పకూడదు కూడా. ఏ తప్పూ లేకపోయినా లాటరీలా కొన్ని పెట్టెలు పడుతుంటాయి. అది కావాలనే పెట్టారు, లేకపోతే లెక్క కనిపెట్టేసి దాని పక్కనుంచి నడిచేవాళ్ళు తయారవుతారు.

స్కానింగ్ సంగతి ఇంకా ముందే తేలిపోతుంది. షిప్పింగ్ లైన్ ఇచ్చే ఐజీఎం, అంటే ఓడలో ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా, దాని మీదే స్కాన్ చేయాల్సిన పెట్టెల పట్టీ తయారవుతుంది. అప్పటికి మేం బిల్ ఆఫ్ ఎంట్రీ వేసి ఉండకపోవచ్చు కూడా. అందుకే బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే రసీదులో, సరుకు పేరు "జనరల్ గూడ్స్" అని పొడిపొడిగా రాయిస్తే మాకు టెన్షన్.

నాకు బాగా గుర్తున్న పెట్టె ఒకటుంది. చెన్నైలో ఉన్నప్పటి మాట. రాజమండ్రిలో హార్డ్‌వేర్ కొట్టున్న ఒకాయన మొదటిసారి చైనా నుంచి తలుపుల బందులు, డ్రాయర్ చానెళ్ళు తెప్పించారు. స్కానింగ్‌కి పడింది. ఉక్కు సామాను కాబట్టి బొమ్మ ఒక కొస నుంచి ఇంకో కొసదాకా ఒకే నలుపులో రావాలి. తలుపు దగ్గర మాత్రం కొంత భాగం పాలిపోయినట్టు వచ్చింది. స్కానర్ దగ్గర కూర్చునే అధికారికి లోపలున్నది ఏమిటో తెలియాల్సిన అవసరమే లేదు, కాగితం చెప్పినట్టు బొమ్మ లేదని తెలిస్తే చాలు. పెట్టెను పక్కకు తీయించారు. ఆయన రాజమండ్రి నుంచి ఫోను మీద ఫోను: "ఏవండీ, నాదేమైనా దొంగ సరుకా? బందులండీ, బందులు!"

సీఎఫ్‌ఎస్‌లో, అంటే పోర్టు బయట కంటైనర్లు ఉంచి తెరిచే యార్డులో, తెరిస్తే ముందు వరుసలో పన్నెండు అట్టపెట్టెల నిండా పవర్ బ్యాంకులు. అమ్మినవాడు ఖాళీ మిగిలిందని 'గిఫ్ట్'గా ఎక్కించాడట. మెసేజ్ కూడా పెట్టాడు, ఈయన చూసుకోలేదు. చూడటానికి చిన్న విషయమే. కానీ లిథియం బ్యాటరీలు ప్రమాదకర సరుకు కింద లెక్క. ఉన్నాయని ముందే చెబితే ఓడలో వాటిని ఎక్కడ పెట్టాలో చూసుకుంటారు. చెప్పకుండా వస్తే ఏ మంట ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. జరిమానా పడింది, యార్డులో చోటుకి గ్రౌండ్ రెంట్, కంటైనర్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు షిప్పింగ్ లైన్‌కి డిటెన్షన్ వేరే. ఆ తర్వాత ఆయనకు వచ్చిన రెండు పెట్టెలూ తెరిపించారు. ఆయన నన్నే తిట్టారు, అది వేరే కథ.

ఇది అమాయకుడి కథ. అసలు దొంగలు కాగితాన్ని చాలా శుభ్రంగా పెడతారు. 2021 సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో డీఆర్‌ఐ వాళ్ళు, అంటే స్మగ్లింగ్‌ని పట్టుకునే కేంద్ర నిఘా విభాగం వాళ్ళు, రెండు కంటైనర్లలో దాదాపు 2,988 కిలోల హెరాయిన్ పట్టుకున్నారు. అఫ్గానిస్తాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చిన టాల్క్ రాళ్ళు అని కాగితం. తెప్పించుకున్న కంపెనీ చిరునామా విజయవాడ! ఆ వారం మా ఆఫీసులో ఇంకో మాట లేదు. కేసు విన్న భుజ్ కోర్టు కూడా ఇదే అడిగింది: విజయవాడకి దగ్గర్లో పోర్టులుండగా సరుకు గుజరాత్‌లో ఎందుకు దిగింది? ఈ ప్రశ్నకు పెట్టె తెరవక్కర్లేదు. నాకు తెలిసిన రిస్క్ ఎనాలిసిస్ అంతా ఇంతే, వ్యాపారం తెలిసినవాడు ఆ కాగితం చదివి "ఇదేంటి, ఇలా ఎవరైనా చేస్తారా?" అనుకోవడం. అయితే పెద్ద పెద్దవి దొరికేది ఎక్కువగా ముందస్తు సమాచారం అందితేనే అని నా అభిప్రాయం. కంప్యూటర్ ఆ తర్వాతే.

ఎగుమతిలో మన తలనొప్పి ఎర్రచందనం. ఎగుమతి నిషేధం ఉన్నా శేషాచలం దుంగలు వేరే సరుకు పేరుతో ఎన్నో పోర్టుల్లో దొరికాయి. ఫ్యాక్టరీలో సీల్ వేసి బయల్దేరిన పెట్టెను దారిలో ఎక్కడో గోడౌన్‌కి మళ్ళిస్తారు. సీల్‌ని ముట్టుకోరు. తలుపు కమ్మీల రివెట్లు ఊడదీసి, సరుకు మార్చి, మళ్ళీ బిగించి రంగు వేస్తారు. నంబర్ చూస్తే అచ్చం అదే సీల్! 2017 నుంచి ఎగుమతిదారు తనే సీల్ వేసుకునే పెట్టెలకు ఆర్‌ఎఫ్‌ఐడీ సీల్, అంటే రేడియో రీడర్‌తో చదివే ఎలక్ట్రానిక్ సీల్, పెట్టమన్నారు. అయినా మా పాత సూపర్‌వైజర్ మాత్రం సీల్ కంటే ముందు రివెట్ల దగ్గర రంగు గోకి చూసేవాడు.

అమెరికా వెళ్ళే భీమవరం రొయ్యలకైతే ఇంకో నియమం. అక్కడికి వెళ్ళే ఓడలోకి పెట్టె ఎక్కడానికి 24 గంటల ముందే వివరాలు వాళ్ళ కస్టమ్స్‌కి చేరాలి. కొలంబోలో ఓడ మారే సరుకుని అక్కడే ఆపి చూసే ఏర్పాటు కూడా వాళ్ళకుంది.

ఇంత చెప్పాక, నాకు నిజంగా భయం వేసిన సంగతి ఒకటి చెబుతాను. 2020 ఆగస్టు 4న బీరూట్ పోర్టులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. దాన్ని ఎవరూ దొంగచాటుగా దాచలేదు. ఆపేసిన ఓడలోంచి దింపి గోదాములో పెట్టారు, అది అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోయింది. రెండ్రోజుల్లో మన పేపర్లలో వచ్చింది: చెన్నై మణలిలోని ఒక సీఎఫ్‌ఎస్‌లో అదే సరుకు 37 కంటైనర్లలో, దాదాపు 700 టన్నులు, 2015లో పట్టుకున్నప్పటి నుంచీ ఉందని. ఆ చుట్టుపక్కల సీఎఫ్‌ఎస్‌లకి నేను రెండేళ్ళు తిరిగాను. అంత సరుకు అక్కడ ఉందని ఎవరూ అనగా వినలేదు. బీరూట్ తర్వాతే హడావుడిగా వేలంలో కొన్నవాళ్ళకి అప్పగించి లారీల్లో హైదరాబాద్ వైపు పంపారు.

ఆ పెట్టెల్లో ఏముందో కస్టమ్స్‌కి తెలియక కాదు. పట్టుకున్నదే వాళ్ళు, ఐదేళ్ళుగా లెక్కలోనూ ఉన్నాయి.