సెల్ఫ్ దింపేముందు ఒక గంట

చిరంజీవి రవికి,

మామయ్య ఆశీస్సులు. రాత్రి అక్క ఫోన్ చేసింది. బావగారి అంబాసిడర్‌కి సెల్ఫ్, అదే ఇంజన్‌ని మొదట తిప్పే స్టార్టర్ మోటారు, పట్టడం లేదట, మెకానిక్ చూసి సెల్ఫ్ పోయిందన్నాడట, ఆదివారం దింపిస్తున్నావట. వద్దురా, అప్పుడే దింపించకు. ఆ పొద్దున ఒక గంట బండి దగ్గర నువ్వే ఉండు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రికల్ పని చేశాను. సెల్ఫ్ పోయిందని నా దగ్గరికి తెచ్చిన బళ్ళలో సగానికి పైగా సెల్ఫ్ బాగానే ఉండేది. బ్యాటరీ నుంచి దాని దాకా కరెంటు వెళ్ళే దారిలోనో, తిరిగొచ్చే దారిలోనో తేడా ఉండేది.

ముందు నాకు కావలసింది చప్పుడు. తాళం తిప్పితే ఒక్కసారి టక్కుమని ఆగిపోతోందా, టకటకటకమని కొట్టుకుంటోందా, ఇంజన్ బరువుగా మూలుగుతోందా, లేక మోటారు గిర్రున తిరుగుతూ ఇంజన్ మాత్రం కదలడం లేదా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. అక్క చెప్పిన మాటలో ఏదీ తేలలేదు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగు. హెడ్‌లైట్లు వెయ్యి. షెడ్డు గోడ మీద వెలుతురు చూస్తూ తాళం తిప్పు. వెలుతురు ఏమాత్రం తగ్గకపోతే, చప్పుడూ లేకపోతే, సాలినాయిడ్‌కి, అంటే సెల్ఫ్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్చికి, కరెంటే వెళ్ళడం లేదు. ఇగ్నిషన్ స్విచ్చి, సన్న వైరు చూసుకో. టక్కుమన్నా వెలుతురు అలాగే ఉంటే సాలినాయిడ్ లోపలి కాంటాక్టులో, సెల్ఫ్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లో అనుమానించాలి. లైట్లు ఎర్రబడి కుంగిపోతే మాత్రం బ్యాటరీ డౌన్ అయినా అయ్యుండాలి, టెర్మినల్ వదులైనా ఉండాలి, సెల్ఫ్ కొసనుండే చిన్న పళ్ళచక్రం, అదే పినియన్, ఇంజన్ వెనక ఉండే ఫ్లైవీల్ చక్రం పళ్ళలో ఇరుక్కునైనా ఉండాలి.

బ్యాటరీ సంగతి మీటరు పెడితే నిమిషంలో తేలుతుంది. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. ఛార్జింగ్ పెట్టకుండా ముందుకు పోకు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా 10కి దిగువకు జారకూడదు.

ఇప్పుడు అసలు సంగతి, ఎర్త్, అంటే ఇంజన్, బాడీ ఇనుము గుండా కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి. అంబాసిడర్ ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు కదా, అందుకని ఇంజన్‌కీ బాడీకీ మధ్య అల్లిక తీగ పట్టీ ఒకటి వేస్తారు. నలభై ఏళ్ళ బండిలో ఆ పట్టీ పచ్చగా చిలుమెక్కి, బోల్టు కింద తుప్పుపట్టి ఉంటుంది. నేను పనిలో చేరిన కొత్తలో ఒక డాక్టరుగారి బండి సెల్ఫ్ దింపి బ్రష్‌లు, బుష్‌లు మార్చి బిగించాను. మళ్ళీ అదే మూలుగు. మా మేస్త్రి వచ్చి నన్ను తాళం తిప్పమని, తను డాష్‌బోర్డు నుంచి ఇంజన్ దాకా వెళ్ళే చోక్ కేబుల్ పట్టుకున్నాడు. రెండోసారికే చెయ్యి లాగేసుకున్నాడు, కాలిపోతోందది! పట్టీ తెగిపోవడంతో వందకు పైగా ఆంపియర్లు ఆ సన్నటి కేబుల్ గుండా తిరిగి వెళుతున్నాయి. పట్టీ మార్చాం, సెల్ఫ్ మొదటి తిప్పుకే అందుకుంది. డాక్టరుగారు అనవసరంగా కట్టిన డబ్బు ఇప్పటికీ నా మనసులో మెదులుతుంది.

నువ్వు చెయ్యి కాల్చుకోనక్కర్లేదు. ఇంజన్ అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే సన్న వైరు ఊడదియ్యి. మీటరు ఒక కొనని బ్యాటరీ నెగెటివ్ ముక్కు మీదే పెట్టు, క్లాంపు మీద కాదు. రెండో కొనని ఇంజన్ ఇనుము మీద గీరి ఆనించు. అమ్మని తాళం తిప్పమను. 0.3 వోల్టు దాటితే ఎర్త్ దారి బాగాలేదు. అలాగే పాజిటివ్ ముక్కు నుంచి సెల్ఫ్ బోల్టు దాకా చూడు. సెల్ఫ్ కొట్టేటప్పుడు అర వోల్టు లోపు ఉండాలి. టక్కుమన్నాక కూడా 12 చూపిస్తూ ఉంటే సాలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయినట్టే. ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టకు, మధ్యలో నిమిషం ఆగు.

మోటారు ఒట్టిగా గిర్రుమంటే, పినియన్‌ని ఫ్లైవీల్ వైపు జరిపే బెండిక్స్ జిడ్డుపట్టి ముందుకు జరగడం లేదు. పెట్రోలుతో కడిగి ఆరబెడితే చాలు. గ్రీజు మాత్రం పూయొద్దు, క్లచ్ దుమ్మంతా దానికే అంటుకుంటుంది. పినియన్ ఇరుక్కుంటే తాళం తీసేసి, టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపు. హ్యాండిల్‌తో ఇంజన్ కాస్త తిప్పగానే సెల్ఫ్ పడుతుంటే ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ గేరు పళ్ళు ఒకచోట అరిగాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఎప్పుడూ దాదాపు రెండు చోట్లే ఆగుతుంది, ఆ పళ్ళే అరుగుతాయి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచు, చుట్టూ తిప్పి పట్టకు. ఇంజన్ ఎదురు తంతే వేలు విరుగుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, సెల్ఫ్ మీద చెక్కసుత్తితో మెల్లగా తడితే పడుతుంటే, అప్పుడు దింపించు. బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ ముందు తీయించు. బ్రష్‌లు ఆనే రాగి పలకల చుట్టుని, అదే కమ్యుటేటర్‌ని, సన్న గాజుకాగితంతోనే రుద్దమను, ఎమెరీ వద్దు. డైనమోకి గీసినట్టు పలకల మధ్య మైకాని లోతుగా గీయనివ్వకు. సెల్ఫ్‌కి అది పనికిరాదు.

బ్యాటరీ వోల్టు, ఎర్త్ వోల్టు, పాజిటివ్ వోల్టు, ఈ మూడూ కాగితం మీద రాసి సాయంత్రం ఫోన్ చెయ్యి. తాళం తిప్పినప్పటి చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి అదీ పంపు.

మీ మామయ్య