కామిక్స్ లిస్టులు చూసి ఆర్డరు పెట్టబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. షాపులో కామిక్స్, గ్రాఫిక్ నవలల అరలన్నీ నీకే అప్పగించారని చదివి చాలా సంతోషపడ్డాను. "నెలనెలా వచ్చే టాప్ లిస్టులు చూసి, పైనున్నవి ఎక్కువ, కిందవి తక్కువ తెప్పిస్తే సరిపోతుంది కదా బాబాయ్?" అని అడిగావు. సరిపోదమ్మా. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఆర్డర్లు పెట్టాను. లిస్టుని నమ్మి దెబ్బ తిన్నాను, లిస్టుని పట్టించుకోకా దెబ్బ తిన్నాను. అందుకే కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఏ లిస్టు చేతికొచ్చినా ముందు ఒక్క మాట అడుగు: ఇందులో ఎవరు ఎవరికి అమ్మారు? మిగిలితే వెనక్కి ఇవ్వొచ్చా? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా అంకె జోలికి పోకు.

ఎందుకంటున్నానో చెబుతాను. అమెరికాలో ఒకప్పుడు కామిక్స్ పత్రికల స్టాండ్ల మీద అమ్మేవాళ్లు. అమ్ముడుపోని కాపీలు వెనక్కి వెళ్లిపోయేవి. 1970ల మొదట్లో ఫిల్ స్యూలింగ్ అనే ఆయన పబ్లిషర్లతో మాట్లాడి కొత్త పద్ధతి తెచ్చాడు. షాపువాడికి డిస్కౌంట్ ఎక్కువ ఇస్తారు, కానీ మిగిలిన కాపీ వెనక్కి తీసుకోరు. దాన్నే డైరెక్ట్ మార్కెట్ అంటారు. కామిక్ షాపుల లెక్కలన్నీ ఇందులోంచి వచ్చినవే. అంటే "ఈ సంచిక లక్ష కాపీలు" అని చదివితే, లక్షమంది చదివారని కాదు. నీలాంటి, నాలాంటి షాపువాళ్లందరూ కలిసి లక్ష కాపీలు తెప్పించుకున్నారని. అవి పాఠకుడి ఇంటికి చేరాయో, వెనక గదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయో ఆ లిస్టుకి తెలియదు. ఏళ్ల తరబడి డైమండ్ డిస్ట్రిబ్యూటర్ల లిస్టులో కాపీల సంఖ్య కూడా ఇచ్చేవారు కాదు. బ్యాట్‌మాన్ సంచికని 100 అనుకుని, మిగతావి దానికి ఎన్ని వంతులో చూపించేవారు. మనం చదివే లక్షలు అలా లెక్కగట్టిన అంచనాలు.

1991లో వచ్చిన ఎక్స్-మెన్ మొదటి సంచిక సంగతి నువ్వు వినే ఉంటావు. 80 లక్షలకు పైగా కాపీలు, గిన్నిస్ రికార్డు. ఐదు రకాల కవర్లతో వేశారు. ఒక్కో మనిషి ఐదూ కొన్నాడు, కొందరు పెట్టెలకి పెట్టెలే కొన్నారు, రేపు ధర పెరుగుతుందన్న ఆశతో. మరుసటి ఏడాది సూపర్‌మ్యాన్ చనిపోయే సంచిక నల్ల కవరులో సీలు చేసి వచ్చింది. ఆ కవరు చింపకుండానే దాచుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. ఇంటింటా దాచుకున్న వస్తువుకి ధర ఎలా పెరుగుతుంది? రెండు మూడేళ్లలో ఆ మోజు దిగిపోయింది. వందల షాపులు మూతపడ్డాయి. 1996 చివర్లో మార్వెల్ కంపెనీయే దివాలా కోర్టుకెక్కింది. అమ్మకాలు ఆకాశాన్ని అంటిన ఐదేళ్లకే ఇదంతా.

నా సంగతీ చెబుతాను. ఒక కొత్త సిరీస్ వస్తోందన్నారు. 25 కాపీలు తీసుకుంటే ప్రత్యేక కవరున్న కాపీ ఒకటి ఇస్తామన్నారు. నా దగ్గర అలాంటి కథలు చదివేవాళ్లు తొమ్మిదిమంది. నేను 75 తెప్పించాను, ఆ మూడు ప్రత్యేక కవర్ల కోసం. ఆ మూడూ మొదటిరోజే పోయాయి. మామూలువి పదకొండు పోయాయి. 64 మిగిలాయి. ఇంకా బాధ ఏంటంటే, కామిక్స్‌లో ఆఖరి ఆర్డరు గడువు సంచిక రావడానికి మూడు నాలుగు వారాల ముందే అయిపోతుంది. మొదటి సంచిక జనానికి నచ్చిందో లేదో తెలిసేలోపే రెండోది పెట్టేశాను, మూడోదానికీ గడువు వచ్చేసింది. ఆ నెల లిస్టులో ఆ సిరీస్ రెండో స్థానంలో ఉంది. ఆ స్థానంలో నా 64 కాపీలూ ఉన్నాయి.

అందుకని మొదటి సంచికల అంకెలు చూసి ఊగిపోకు. రెండో సంచికకి ఆర్డర్లు బాగా పడిపోవడం ఈ వ్యాపారంలో మామూలే. నాలుగైదు సంచికలు గడిచాక ఎక్కడ నిలబడిందో అదే దాని అసలు బలం. 2015 జనవరిలో స్టార్ వార్స్ మొదటి సంచిక పది లక్షలకు దగ్గరగా వెళ్లింది, పదుల కొద్దీ కవర్లతో. ఆ తర్వాతి నెల ఆర్ఫన్ బ్లాక్ అనే సంచిక లిస్టులో మొదటి స్థానానికి ఎక్కింది. నెలనెలా గిఫ్ట్ డబ్బాలు పంపే ఒక కంపెనీ ఆ సంచికని తన డబ్బాల్లో పెట్టింది, అందుకు. ఆ డబ్బా తెరిచినవాళ్లలో ఎవరూ అది కావాలని కోరి కొనలేదు.

ఇంకో చిన్న సంగతి. కామిక్స్ వచ్చేది బుధవారం. కొన్ని నెలల్లో బుధవారాలు నాలుగు, కొన్నిట్లో ఐదు. ఐదు బుధవారాల నెలని నాలుగు బుధవారాల నెలతో పోల్చి "అమ్మకాలు పెరిగాయి" అని రాసేవాళ్లు ఎంతమందో. అలాగే డాలర్ల లెక్క పెరిగితే కాపీలు పెరిగాయని అనుకోకు, కవరు మీద ధర పెరిగినా ఆ లెక్క పెరుగుతుంది.

ఇక పుస్తకాల షాపుల లిస్టు. ఇది వేరే లోకం. పుస్తకాల అమ్మకాలు లెక్కగట్టే బుక్‌స్కాన్ అంకె కౌంటర్ దగ్గర బార్‌కోడ్ కొట్టినప్పుడు పుడుతుంది, కాబట్టి నిజంగా కొన్నవాళ్ల లెక్క. మిగిలిన కాపీ వెనక్కి పంపొచ్చు కూడా. నీ షాపుకి ఇదే ఎక్కువ పనికొస్తుంది. కానీ ఇందులోనూ ఒక లోటుంది. బడుల్లో పెట్టే పుస్తకాల సంతలు, లైబ్రరీలు కొనేవి ఇందులో పడవు. పిల్లల గ్రాఫిక్ నవలలు పెద్ద ఎత్తున పోయేది అక్కడే.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే పెద్దవాళ్లు ఎప్పుడూ తక్కువ అంచనా వేసేది పిల్లల పుస్తకాల్నే. నేనూ వేశాను. స్కొలాస్టిక్ వాళ్లు 2005లో గ్రాఫిక్స్ అనే విభాగం మొదలుపెట్టి, బోన్ కథని రంగుల్లో వేసినప్పుడు రెండు కాపీలు తెప్పించి ఊరుకున్నాను. 2010లో రైనా టెల్గెమైయర్ స్మైల్ వచ్చింది. ఒక అమ్మాయి పళ్లు విరగడం, క్లిప్పులు వేయించుకోవడం, అదీ కథ. ఎగిరే వీరుడు లేడు, కొట్లాట లేదు. అది ఏళ్ల తరబడి అమ్ముడవుతూనే ఉంది. 2019లో ఆమె గట్స్ మొదటి ముద్రణే పది లక్షల కాపీలు. అదే ఏడాది డేవ్ పిల్కీ డాగ్ మ్యాన్ కొత్త పుస్తకాన్ని మొదటి ముద్రణలోనే 50 లక్షలు వేశారు. ఆ రోజుల్లో కామిక్ షాపుల లిస్టులో మొదటి స్థానంలో ఉన్న సంచిక లక్ష, రెండు లక్షలు దాటితే గొప్ప. షాపుల లిస్టు ఒక్కటే చూసేవాడికి ఈ పుస్తకాలు ఉన్నాయన్న సంగతే తెలియలేదు.

నువ్వు ఒక పని చెయ్యి. శనివారం సాయంత్రం షాపు మూసే ముందు కింది అర దగ్గర కూర్చుని చూడు. పిల్లల చేతులు అందే అర అది. ఏ పుస్తకం వెన్ను మడతపడి తెల్లగీత కనిపిస్తోంది? ఏది తలకిందులుగా పెట్టి ఉంది? సిరీస్‌లో ఏ భాగం దగ్గర ఖాళీ ఉంది? మూడో భాగం లేక, నాలుగు నుంచి తొమ్మిది దాకా కదలకుండా ఉన్నాయంటే ఆ సిరీస్ అమ్ముడుపోవట్లేదని కాదు. మూడు లేదు కాబట్టి నాలుగు ఎవరూ కొనట్లేదు. ఒకసారి నేను మొత్తం సిరీస్ తీసేద్దామనుకుని, లెక్క మళ్లీ చూస్తే రెండో భాగం అయిపోయి నాలుగు నెలలైంది. మూడు కాపీలు తెప్పించాను. పది రోజుల్లో పై భాగాలు కదిలాయి.

మాంగా, అంటే జపాన్ కామిక్స్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మొదటి భాగం కొన్నవాళ్లందరూ రెండోది కొనరు, రెండోది కొన్నవాళ్లందరూ మూడోది కొనరు. కాబట్టి మొదటి భాగం నాలుగు కాపీలు, రెండు మూడు భాగాలు రెండేసి, మధ్యవి ఒక్కొక్కటి, కొత్తగా వచ్చింది మళ్లీ మూడు. సుమారుగా ఇలా పెట్టుకో. మొదటి భాగం మాత్రం ఎప్పుడూ అయిపోనివ్వకు. అది లేని సిరీస్ గుమ్మం లేని ఇల్లు.

మాంగా లెక్కల్లో ఇంకో చిక్కుంది. వన్ పీస్ 2022లో 50 కోట్ల కాపీలు దాటిందని ప్రకటించారు. అది డిజిటల్‌తో సహా మార్కెట్లోకి వదిలిన కాపీల సంఖ్య, కౌంటర్ దగ్గర అమ్మినవి కాదు. జపాన్‌లో అమ్మినవి లెక్కపెట్టేది ఓరికాన్ లిస్టు. ఆ రెండిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చకు.

సినిమా, టీవీ వస్తే అమ్మకాలు పెరుగుతాయా అని కదా నీ రెండో ప్రశ్న. కొన్నిటికే. ద వాకింగ్ డెడ్ 2003లో మొదలైనప్పుడు ఆర్డర్లు ఏడు వేలు మాత్రమే. 2010లో టీవీ సిరీస్ వచ్చాక 2012లో నూరో సంచిక మూడున్నర లక్షలు దాటింది. డీమన్ స్లేయర్ 2019 ఏప్రిల్‌లో యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) మొదలవకముందు 35 లక్షల కాపీల సిరీస్, ఏడాదిన్నరలో పది కోట్లకు చేరింది. 2008లో వాచ్‌మెన్ సినిమా ట్రైలర్ ఒక్కదానికే పుస్తకం మళ్లీ మళ్లీ ముద్రించాల్సి వచ్చింది. ఈ మూడిట్లో ఒక పోలిక గమనించావా? చూసినవాడు షాపుకొచ్చి "అది ఇవ్వండి" అంటే ఇవ్వడానికి ఒక పుస్తకమో, వరసగా నంబర్లు వేసిన భాగాలో ఉన్నాయి. అరవై ఏళ్ల పాత హీరో సినిమా చూసొచ్చినవాడికి ఆ హీరో మీదున్న వందల పుస్తకాల్లో ఏదివ్వాలి? వాడు అర ముందు నిలబడి, అయోమయంగా చూసి, ఊరికే వెళ్లిపోతాడు. ఆ సినిమా ఎంత పెద్ద హిట్టయినా సరే, అలాంటివాటికి ఒకే ఒక్క పుస్తకం ఎంచుకుని, అదే కౌంటర్ పక్కన పెట్టు. మిగతావాటికి ఆర్డరు పెంచకు.

వార్తల వల్ల కూడా ఒక్కోసారి ఉప్పెనలా వస్తుంది. 2022 జనవరిలో టెనెసీలో ఒక బడి బోర్డు మౌస్ అనే గ్రాఫిక్ నవలని పాఠాల్లోంచి తీసేసిందని వార్త రాగానే, అంతకు ముప్పై ఏళ్ల ముందు పులిట్జర్ అందుకున్న ఆ పుస్తకం అమెజాన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అలాంటప్పుడు వెంటనే తెప్పించు, మొహమాటపడకు. కాకపోతే వెనక్కి ఇవ్వగలిగే దారిలోనే తెప్పించు.

2021ని మాత్రం కొలబద్దగా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అమెరికా, కెనడా రెండూ కలిపి కామిక్స్, గ్రాఫిక్ నవలల అమ్మకాలు 2019లో 121 కోట్ల డాలర్లు, 2020లో 128 కోట్లు, 2021లో ఒక్కసారిగా 207 కోట్లు. జనం ఇళ్లల్లో ఉన్నారు, యానిమే చూశారు, మాంగా కొన్నారు. ఫ్రాన్స్‌లోనూ అదే. పద్దెనిమిదేళ్లవాళ్లకి సంస్కృతి కోసం ప్రభుత్వం 300 యూరోలిస్తే చాలామంది మాంగాయే కొన్నారు. ఆ ఏడాది అక్కడ అమ్ముడైన ఎనిమిదిన్నర కోట్ల కామిక్స్‌లో సగానికి పైగా మాంగాయే. ఆ ఊపు చూసి అరలు రెట్టింపు చేసినవాళ్లు తర్వాత రెండేళ్లు స్టాకు తగ్గించుకోవడానికి అవస్థపడ్డారు. 2023 అంకె తగ్గింది కాబట్టి కామిక్స్ పని అయిపోయిందని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ ఏడాదిని 2019తో పోల్చి చూడు, ఎంత పైనుందో నీకే కనిపిస్తుంది.

పాత లిస్టులకీ కొత్త లిస్టులకీ మధ్య గీత ఒకటి గీసుకో. 2020 దాకా షాపులకెళ్లే కామిక్స్ దాదాపు అన్నీ డైమండ్ నుంచే, లెక్క ఒక్కచోటే. ఆ ఏడాది బ్యాట్‌మాన్, సూపర్‌మ్యాన్ వేసే డీసీ కంపెనీ బయటికి వచ్చేసింది, 2021లో మార్వెల్ పెంగ్విన్ రాండమ్ హౌస్‌కి మారింది, 2025 జనవరిలో డైమండే దివాలా దరఖాస్తు పెట్టుకుంది. ఇప్పుడు అన్నీ కలిపిన లెక్క ఏదైనా ముక్కలు అతికించినదే.

ఒక నోట్‌బుక్ పెట్టు. ఎన్ని తెప్పించావు, మొదటి పది రోజుల్లో ఎన్ని పోయాయి, తర్వాత ఎన్ని, మళ్లీ ఎప్పుడు తెప్పించావు. ఇంకో పేజీలో, అడిగి లేదని వెళ్లిపోయినవాళ్లు ఏమడిగారో రాయి. ఈ రెండో పేజీ ఏ లిస్టులోనూ దొరకదు. చాలా రోజులు నేను అది రాయలేదు, రాయడం మొదలుపెట్టాక నా ఆర్డర్లే మారిపోయాయి.

మొదటి మూడు నెలల పేజీలు ఫోటో తీసి పంపు, మొదటి భాగాల లెక్క కలిసి చూద్దాం. ఈ నెల ఆర్డరు గడువు దగ్గరపడితే టెన్షన్ పడకు, రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి. అన్నయ్యకి, వదినకి నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
మీ బాబాయి