పిల్లలు చదివిన పుస్తకం గురించి రాయాలంటే ముందు మనం వాళ్లకి రాయాలి

"మా ఎనిమిదో తరగతి పిల్లలు కథల పుస్తకాలు ఇష్టంగానే చదువుతున్నారు. చదివినదాని గురించి రాయమంటే మాత్రం రెండు వాక్యాలు దాటరు. ఏం చెయ్యాలి?" అని ఒక తోటి టీచరు అడిగారు. నేను చిత్తూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెబుతున్నాను. వాళ్లకి రాయడం రాకేం కాదండీ. రాసింది మనసు పెట్టి చదివే మనిషి లేక రాయరు.

మన బళ్లలో పుస్తక సమీక్ష సంగతి మీకు తెలియనిది కాదు. పుస్తకం పేరు, రచయిత, పాత్రలు, సారాంశం, నీతి. ఎఫ్.ఎ. (ఏడాది మధ్యలో బళ్లో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల కోసం రాత్రి ఒకడు రాస్తే, పొద్దున బస్సులో పదిమంది చూసి ఎక్కించుకుంటారు. నా తరగతిలో ముప్పై ఎనిమిది నోట్సుల్లోనూ "ఈ కథ నాకు బాగా నచ్చింది" అన్నదే చివరి వాక్యం. చాలా ఏళ్లు నేనూ టిక్కు పెట్టి, సంతకం చేసి ఇచ్చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2025 జూన్‌లో బడి తెరవగానే అదంతా పక్కన పెట్టాను. "నీతి వద్దు, సారాంశం వద్దు. నాకొక ఉత్తరం రాయండి. చదువుతుంటే మీరు ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్క చోటు గురించి చెప్పండి చాలు" అన్నాను.

వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్లవాడు పల్చటి కథల పుస్తకం తీసుకున్నాడు. అందులో ఒక ముసలాయన సంతలో ఎద్దు అమ్ముడుపోక మళ్లీ ఇంటికి తోలుకొస్తాడు. వాడు రాసింది ఇది:

"సార్, దోవలో చలి పెడతాంటే తాత తన దుప్పటి తీసి ఎద్దుకు కప్పినాడు. ఆడ ఆగిపోయినా. మా నాయన కాయల ట్రాక్టరు పెట్టుకోని ఫ్యాక్టరీ కాడ మూడు రాత్రులు ఉన్నాడు. నేను క్యారియర్ ఎత్తకపోతే ట్రాక్టరు కింద పొణుకోని ఉన్నాడు. తుంపర పడతా ఉంది. దుప్పటి కాయల మీద కప్పినాడు. మీరెప్పుడన్నా ఫ్యాక్టరీ కాడికి పోయినారా సార్?"

ఆ ఏడు తోతాపురి మామిడి ధర పడిపోయింది. కిలో పన్నెండు రూపాయలు, అందులో ఫ్యాక్టరీ ఇచ్చేది ఎనిమిది, ప్రభుత్వం ఇచ్చేది నాలుగు అని ప్రకటించారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. ఇవన్నీ పేపర్లో చదివినవే. ఆ దుప్పటి మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు.

అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను "కాడ" మీదికి, "పొణుకోని" మీదికి పోయింది. మూత పెట్టేశాను. ఇంట్లో మాట్లాడే మాట కింద గీత గీస్తే ఆ పిల్లవాడు మళ్లీ "ఈ కథ నాకు బాగా నచ్చింది" దగ్గరికే పోతాడు. తప్పొప్పులు చెప్పడానికి వ్యాకరణం పీరియడ్ ఉంది. ఉత్తరం మీద ఆ పని చెయ్యకూడదు, ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

నీలి పెన్నుతో జవాబు రాశాను: "పోలేదు నాయనా. దోవ పొడుగునా తాత ఎద్దుతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు కదా, మీ నాయన ఆ మూడు రాత్రులూ ఏం మాట్లాడినాడు?" తరువాతి వారం పేజీన్నర వచ్చింది. అది రాయడానికి వాడు తాత మాటల కోసం కథ మళ్లీ చదివాడు. నేను చదవమని చెప్పలేదు.

ఇదేం కొత్త పద్ధతి కాదు. అమెరికాలో నాన్సీ ఆట్‌వెల్ అనే టీచరు తన పిల్లల చేత చదివిన పుస్తకాల మీద ఉత్తరాలు రాయించి, వాటికి తనూ జవాబులు రాసేది. 2015లో మొదటిసారి ఇచ్చిన గ్లోబల్ టీచర్ ప్రైజ్ ఆమెకే వచ్చింది. బహుమతిగా వచ్చిన పది లక్షల డాలర్లూ తన బడికే ఇచ్చేసింది.

టైం ఎక్కడుంది అంటారు. నిజమే, యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికే సగం పొద్దు పోతుంది, ఆ కోపం నాకూ ఉంది. నేను రోజుకి ఎనిమిది నోట్సులే తీసుకుంటాను, ఐదు రోజుల్లో అందరివీ అయిపోతాయి. తిరుపతిలో కాట్పాడి పాసింజరు ఎక్కితే పాకాలలో దిగేలోపు ఎనిమిదీ రాసేస్తాను. నాలుగు లైన్లు, ఒక ప్రశ్న. ఆ ప్రశ్న పిల్లవాణ్ణి మళ్లీ పుస్తకంలోకి పంపేదిగా ఉండాలి. "బాగుంది, ఇంకా రాయి" అంటే ఏమీ రాదు.

ఇంకొకటి, బళ్లో పుస్తకాల బీరువా తాళం తియ్యండి. 2020లో పిల్లలకి చదివే అలవాటు చెయ్యడానికి ప్రభుత్వం "చదవడం మాకిష్టం" కార్యక్రమం తెచ్చినప్పుడు ఎంతో సంతోషపడ్డాను. అయినా ఇప్పుడున్న బడికి ముందు నేను పనిచేసిన ఒక బళ్లో పుస్తకాలు పోతే లెక్క చెప్పాలని భయపడి, బీరువాకి తాళమేసే పెట్టారు. పుస్తకం పిల్లవాడి ఇంటికి పోయి రావాలి. అట్ట చినిగితే చినగనీయండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న ఉత్తరం చివర ఇట్ల రాసినాడు: "సార్, ఈ తూరి నేను చదివిన బుక్కు మీరు కూడా చదవండి. మీరు యాడ ఆగిపోయినారో రాయండి." పుస్తకం నోట్సులోనే పెట్టి ఇచ్చాడు. ఇరవై పేజీలు అయింది, సోమవారం లోపల రాసియ్యాలి.