భరిణె మూతకి 3.33 ఎందుకొచ్చింది?

చి.సౌ. అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. వచ్చే వారం అక్కడ అమెరికాలో నీ ఏడో తరగతికి వృత్తం పాఠం. క్లాసులో తలా ఒక టీఐ-84 గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉంది. ఒక్క పీరియడ్‌లో చుట్టుకొలతని వ్యాసంతో భాగించి 3.14 తెప్పించెయ్యొచ్చా అని అడిగావు. తెప్పించెయ్యొచ్చు. తెప్పించొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. "ఆ మాత్రం దానికి ఫోన్ చేస్తే సరిపోదూ" అని మీ అత్తయ్య పక్కనుంచి సణుగుతోంది. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ ఊఁ" అంటూ వంట చేసుకుంటావు. కాగితం మీద ఉంటే కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చూస్తావు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే పాఠానికి పిల్లల్ని ఇంటి నుంచి గుండ్రటి వస్తువులు తెమ్మన్నాను. గాజులు, పౌడరు డబ్బా మూతలు, గ్లాసులు, కంచాలు తెచ్చారు. వెనక బెంచీ పిల్లాడొకడు కుంకుమ భరిణె మూత తెచ్చాడు. దారం తేలేదంటే బల్ల మీదున్న పురికొస ముక్క ఇచ్చాను. వాడు శ్రద్ధగా చుట్టి, స్కేలు మీద పరిచి, వ్యాసం 3 సెంటీమీటర్లు, చుట్టుకొలత 10, నిష్పత్తి 3.33 అని రాశాడు. మిగతావాళ్ళు 3.1, 3.2 అంటుంటే వీడొక్కడిదే తేడా. "సరిగ్గా చుట్టలేదురా, మళ్ళీ కొలువు" అన్నాను. మళ్ళీ పదే వచ్చింది. మూడోసారి కొలవనే లేదు. నా మొహంలోకి ఒకసారి చూసి, 10 చెరిపేసి 9.4 అని రాశాడు. నేను "గుడ్" అన్నాను.

వాడు కొలిచింది సరైనదేనని నాకు రిటైరయ్యాక తెలిసింది. డాలస్‌లో మీ బావ ఇంట్లో ఆర్నెల్లున్నాం కదా, పొద్దుపోక మనవడి టీఐ-84 పట్టుకున్నాను. (దాన్ని తయారుచేసే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది కూడా ఆ ఊరే.) ఆవకాయ జాడీకి వాసెన కట్టి తెచ్చిన పురికొస విప్పి, ఇంట్లో దొరికిన నాలుగు వస్తువులు కొలిచాను. మీ అక్క కుంకుమ భరిణె మూత వ్యాసం 3, చుట్టుకొలత 10.1. గ్లాసు 8, 25.8. సీడీ 12, 38.3. కంచం 25, 79.2. అన్నీ సెంటీమీటర్లే. నిష్పత్తులు వరసగా 3.37, 3.23, 3.19, 3.17. సగటు 3.24.

ఇక్కడితో ఆపేసి ఉంటే "పురికొసతో ఇంతకంటే ఏం వస్తుందిలే" అనుకునేవాణ్ణి. కానీ ఆ అంకెల వరస చూడు. వస్తువు పెద్దదవుతున్న కొద్దీ నిష్పత్తి తగ్గుతోంది. చెయ్యి వణికి వచ్చే తప్పులు అలా క్రమం తప్పకుండా ఒకే వైపు నడవవు. వ్యాసం అడ్డంగా, చుట్టుకొలత నిలువుగా గ్రాఫ్ పెట్టించి గీత గీయించాను. గీత వాలు, అంటే వ్యాసం ఒకటి పెరిగితే చుట్టుకొలత ఎంత పెరుగుతుందో అది, 3.141 వచ్చింది! సగటులో దొరకనిది వాలులో దొరికింది. పైగా ఆ గీత సున్నా నుంచి మొదలవకుండా 0.66 దగ్గర నిలువు అక్షాన్ని తాకింది.

ఆ 0.66ని 3.14తో భాగిస్తే 0.21. అంటే రెండు మిల్లీమీటర్లు. పురికొసని పట్టుకుని చూశాను. సరిగ్గా అంత మందం. తాడు చుట్టినప్పుడు మనం కొలిచేది మూత అంచుని కాదు, తాడు మధ్యలో సాగే వృత్తాన్ని. దాని వ్యాసం మూత కంటే తాడు మందమంత ఎక్కువ. ప్రతి వస్తువుకీ కలిసే అదనం ఒకటే, ఆరున్నర మిల్లీమీటర్లు. కంచానికి అది లెక్కలోకి రాదు. భరిణె మూతకి మాత్రం నిష్పత్తినే మార్చేస్తుంది. ఆ పిల్లాడు అందరికంటే చిన్న వస్తువుని అందరికంటే లావు తాడుతో కొలిచాడు. వాడికి 3.33 రావాల్సిందే.

అందుకని నీకు నేను చెప్పేది ఒకటే. నిష్పత్తుల వరసతో ఆగిపోకు, గీత దాకా తీసుకెళ్ళు. గుణకారం, భాగహారం చేతివేళ్ళ మీద చేసుకోవచ్చు, దానికి అంత ఖరీదైన యంత్రం అక్కర్లేదు. నిష్పత్తి దాచిపెట్టినదాన్ని గీత బయటపెడుతుంది. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉన్నది అందుకు.

ఇక కొలతల సంగతి. సగం పాఠం ఇక్కడే ఉంది, తొందరపడకు. పిల్లలకి అన్నిటికంటే కష్టమైంది చుట్టుకొలత అనుకుంటాం. కాదు, వ్యాసం. స్కేలు మధ్యలోంచి కాకుండా పక్కగా పోతే జ్యా వస్తుంది, వ్యాసం రాదు. జ్యా ఎప్పుడూ వ్యాసం కంటే చిన్నదే. కాబట్టి ఈ తప్పు ఎప్పుడూ నిష్పత్తిని పెంచుతుందే కానీ తగ్గించదు. ముప్ఫై మంది సగటు తీసినా సర్దుకోదు. క్లాసు మొత్తానికి 3.2 వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. మూతని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, కత్తిరించి, సగానికి మడిస్తే మడతే వ్యాసం. బంతి లాంటివైతే రెండు లావు పుస్తకాల మధ్య బిగించి, పుస్తకాల మధ్య దూరం కొలవమను.

చుట్టుకొలతకి దారం కంటే కాగితపు పట్టీ మేలు. సన్నగా కత్తిరించి చుట్టి, ఒకదాని మీద ఒకటి పడ్డచోట గుండుసూదితో పొడిచి, విప్పి, రెండు చిల్లుల మధ్య కొలిస్తే సరి. అది సాగదు, మందమూ లేనట్టే. సైకిల్ చక్రం దొరికితే అంచు మీద సుద్దముక్కతో గీత పెట్టి, వరండాలో పది చుట్లు దొర్లించి, వచ్చిన దూరాన్ని పదితో భాగించమను. ఒక్క చుట్టు దొర్లిస్తే మొదలు, చివర గుర్తుల్లో జరిగే తప్పంతా ఆ ఒక్క చుట్టు మీదే పడుతుంది. పది చుట్లకైతే పదోవంతే.

కానీ ఒక బల్ల వాళ్ళకి మాత్రం కావాలనే పురికొస ఇవ్వు. వాళ్ళకి ముందే చెప్పకు.

వస్తువుల్లో చిన్నా పెద్దా తేడా బాగా ఉండాలి. మన ఇళ్ళల్లో గాజులకి కొదవ లేదని అన్నీ గాజులే పట్టుకెళ్ళేవు. టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద నాలుగు, ఆరు, ఎనిమిది పదహారో వంతులు. టూ ఎయిట్ అంటే రెండున్నర అంగుళాలన్నమాట, 2.8 కాదు. (ఈ ముక్క చెప్పి చూడు, పిల్లలే కాదు, మీ స్టాఫ్ రూమ్‌లో మన తెలుగువాళ్ళు కూడా నోరెళ్ళబెడతారు.) సెంటీమీటర్లలో 5.7, 6, 6.35. గ్రాఫ్ మీద మూడు చుక్కలూ ఒకేచోట గుంపుగా కూర్చుంటాయి. గుంపులోంచి గీత ఎటైనా పోతుంది, కొలతలో రవ్వంత తేడా వస్తే వాలు తారుమారవుతుంది. క్వార్టర్ డాలర్ బిళ్ళ నుంచి సైకిల్ చక్రం దాకా పరుచుకుని ఉండాలి. గాజు తీసుకుంటే ఇంకో తిరకాసు కూడా ఉంది. వ్యాసం లోపల కొలిచి, చుట్టుకొలత బయట కొలుస్తారు. అప్పుడు కూడా గీత సున్నా దగ్గర మొదలవదు.

అక్కడి పిల్లలకి అంగుళాలే అలవాటు. సగం బల్లలకి అంగుళాల స్కేలు, సగం బల్లలకి సెంటీమీటర్ల స్కేలు ఇచ్చి, అందరి అంకెలూ ఒకే పట్టికలో ఎక్కించు. "మామయ్యా, యూనిట్లు కలిపేస్తే ఎలా" అంటావని తెలుసు. అన్ని చుక్కలూ ఒకే గీత మీదే పడతాయి. నిష్పత్తికి యూనిట్ ఉండదని నువ్వు నోటితో పదిసార్లు చెప్పేదానికంటే ఇది గట్టిగా దిగుతుంది. ఎవడో ఒకడు వ్యాసం అంగుళాల్లో, చుట్టుకొలత సెంటీమీటర్లలో కొలుస్తాడు. వాడి చుక్క ఎక్కడో ఆకాశంలో ఉంటుంది, నిష్పత్తి ఎనిమిదికి దగ్గరగా వస్తుంది. 3.14ని 2.54తో గుణించి చూడమను, 7.98. వాణ్ణి కోప్పడకు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో క్లాసుని కనిపెట్టమను.

మూడు అంగుళాల మీద మూడు ఎనిమిదో వంతులు అన్నది 3.38 అని కొడతారేమో, 3+3/8 అని కొట్టమను. కాలిక్యులేటర్ తీసుకుంటుంది.

ఇప్పుడు మీటలు. స్టాట్ నొక్కి ఎడిట్‌లోకి వెళ్తే ఎల్1, ఎల్2 అని నిలువు వరసలుంటాయి. ఎల్1లో వ్యాసాలు, ఎల్2లో చుట్టుకొలతలు. బాణం మీటతో పైకి వెళ్ళి ఎల్3 అనే పేరు మీద నిలబడి ఎల్2÷ఎల్1 అని కొట్టి ఎంటర్ నొక్కితే నిష్పత్తులన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. తర్వాత సెకండ్ నొక్కి వై= మీట నొక్కితే స్టాట్ ప్లాట్. మొదటి ప్లాట్ ఆన్ చేసి, విడి చుక్కల బొమ్మ ఎంచుకుని, జూమ్‌లో తొమ్మిది, అదే జూమ్‌స్టాట్, నొక్కితే చుక్కలు కనపడతాయి. గీత కోసం మళ్ళీ స్టాట్, క్యాల్క్, నాలుగోది. ఏ అన్నది వాలు, బీ అన్నది నిలువు అక్షాన్ని తాకే చోటు. తొమ్మిది నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగి, "చుక్కలు ఎలా ఉంటాయి?" అని కాగితం మీద గీయించు. వంకరగా ఉంటాయని కొందరంటారు, అననీ.

"డిమ్ మిస్‌మ్యాచ్" అని ఎర్రర్ వస్తే టెన్షన్ పడకు. ఎల్1లో ఏడు అంకెలు, ఎల్2లో ఆరు కొట్టి ఉంటారు. నాకు ఇది తెలియక ఒక పూటంతా పోయింది, మనవడు వచ్చి పది సెకన్లలో చెప్పాడు.

గీత వచ్చాక వై= దగ్గర రెండో గీతగా π (పై, అదే మన 3.14) గుర్తు ఇంటూ ఎక్స్ అని కొట్టించు. కాగితపు పట్టీ వాళ్ళ చుక్కలు ఆ గీత మీదే ఉంటాయి. పురికొస బల్ల వాళ్ళవి దానికి సమాంతరంగా కాస్త ఎత్తున నడుస్తాయి. రెండు గీతలు పక్కపక్కనే, ఎక్కడా కలవకుండా. అప్పుడు నోరు మూసుకుని కూర్చో. ఎందుకలా ఉందో వాళ్ళని తగువులాడుకోనివ్వు. పది నిమిషాలు పట్టినా సరే. ఎవరికీ తట్టకపోతే పురికొస ముక్క ఒకటి చేతికిచ్చి స్కేలుతో మందం కొలవమను, అంతే, ఇంకేం చెప్పకు.

ఆర్ విలువ 0.999 వచ్చిందని ఎవరైనా సంబరపడితే, పురికొస కొలతలకి కూడా అలాగే వస్తుందని చూపించు. చుక్కలు తిన్నగా ఉన్నాయని అది చెప్తుందే కానీ, సరైన చోట ఉన్నాయని కాదు.

వైశాల్యం మర్నాటికి పెట్టుకో. గళ్ళ కాగితం మీద మూత గీసి గళ్ళు లెక్కపెట్టించి, వ్యాసానికి ఎదురుగా పెడితే గీత వంగుతుంది. వ్యాసార్థం వర్గానికి ఎదురుగా పెడితే తిన్నగా అవుతుంది, వాలు మళ్ళీ అదే 3.14. రెండు చోట్లా ఒకే అంకె ఎందుకొచ్చిందని అడిగే పిల్ల ఒక్కతైనా ఉంటుంది. ఆ పిల్లని కనిపెట్టి ఉండు.

తెర మీద వృత్తాన్నే గీయాలనిపిస్తే, అది అడ్డంగా సాగిన కోడిగుడ్డులా వస్తుంది. తెర వెడల్పు ఎత్తు కంటే ఎక్కువ కదా. జూమ్‌లో ఐదు నొక్కితే గుండ్రమవుతుంది.

22/7 గురించి ఒక మాట. మేం చదువుకున్నప్పుడు పై అంటే 22/7 అనే నేర్పారు, నేనూ పిల్లలకి చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. అది 3.142857, మూడో దశాంశ స్థానంలోనే తేడా. క్రీ.శ. 499లో ఆర్యభటుడు 20000 వ్యాసమున్న వృత్తానికి చుట్టుకొలత 62832 అన్నాడు, అంటే 3.1416. చెప్పి ఊరుకోలేదు, అది "ఆసన్న"మని కూడా అన్నాడు, దగ్గరి విలువే అని. నీ క్లాసులో ఎవరైనా 3.15 తెచ్చి మొహం వేలాడేస్తే ఆ మాట చెప్పు.

అయిపోయాక అందరి ఎల్1, ఎల్2 పట్టిక ఫోటో తీసి పంపు. దిద్దకుండా, చెరిపినవి ఉంటే చెరిపిన చోట్లు కూడా కనపడేలా. పురికొస బల్లకి బీ ఎంత వచ్చిందో మాత్రం ఆ రోజు సాయంత్రమే మెసేజ్ పెట్టు, ఇక్కడ తెల్లవారుజామైనా పర్లేదు, మేలుకునే ఉంటాను. పురికొస అక్కడ దొరక్కపోతే మీ బావ ఇంట్లో జాడీ తాడు ఇంకా ఉండాలి, అడుగు.

ఇట్లు,
మామయ్య